మౌత్ ఆర్గాన్‌కు షట్‌డౌన్ చేసిన

మొన్న శుక్రారం సౌదీల మా జుబైల్ క్యాంపుల నా ఇజ్జత్ ఎట్ల పోయిందో చెప్త, ఇనుండ్రి. ఛాయ్ తాగుకుంటనే ఇనుండ్రి గని, నవ్వి మీద పోసుకోకుండ్రి!

మా మల్లేశ్ బావ తెలుసు గదా? జగిత్యాల దిక్కు మావి పక్కపక్క ఊర్లు. ఇద్దరం పైప్ ఫిట్టర్లమే, మీసాలు సరిగ్గ రాకముందే ఈడికొచ్చినం. ఆయనకు ఫైనల్ ఎగ్జిట్ పడ్డది. ఇగ మళ్ళ రాడు. శనారం పొద్దుగాల ఫ్లైటు. "బావా, పార్టీ గీర్టీ ఏమొద్దు. మా అవ్వ నాట్లేసుకుంట పాడే పాట ఒక్కసారి ఊదు. చెవుల నింపుకొని పోత" అన్నడు.

మేం కొత్తగ వచ్చినప్పుడు మా రూముల ఒక ముసలి ఫిలిప్పీన్ వెల్డర్ ఉండె. డ్యూటీ అయినంక మంచం మీద కూసొని మౌత్ ఆర్గాన్ ఊదేటోడు. బ్లూస్ అంటరట దాన్ని. స్వరాన్ని లోపలికి గుంజి వంచుతుండె, అచ్చం మనిషి ఏడ్చినట్టే ఉండేది. నాకు నేర్పింది ఆయనే. నేను ఆ వంపులు తీస్కపోయి మా నాటు పాటకు తగిలించిన. అప్పట్ల చేతుల ఫోన్లు యాడియి? పొద్దుగూకంగ నేను ఊదుతుంటే రూమోళ్ళందరు ఇనేటోళ్ళు. మల్లేశ్ బావ గోడ దిక్కు తిరిగి పండుకునేటోడు. ఏడుస్తున్నడని అందరికీ తెలుసు.

గందుకే ఈసారి మస్తుగ ఊదాలె అనుకున్న. ఇగ ఆడనే నా ఫిట్టర్ బుద్ధి లేసింది! రిపేర్లకు ప్లాంట్ బంద్ వెట్టే షట్‌డౌన్ల మేం ఏం జేస్తం? అన్నీ విప్పుడు, కడుగుడు, మళ్ళ బిగించుడు. నా నోటి బాజా మంచిగనే మోగుతుండె. అయినా చెయ్యి ఊకుంటదా? స్క్రూలు ఇప్పిన, నంబర్లున్న మీది రేకు, కింది రేకు తీసిన, బ్రష్షుతోని తోమిన, తళతళ మెరిసేటట్టు తుడిచి బిగించిన. మరి టెస్టింగ్? నైట్ డ్యూటీ చేసొచ్చినోళ్ళు రూముల పండుకున్నరు, లేపితే తంతరు. స్టేజ్ మీదనే చూసుకుందాం తియ్ అనుకున్న.

మెస్ హాల్ నిండిపోయింది. మైక్ పెట్టిండ్రు. మల్లేశ్ బావ ముందట కుర్చీల కూసున్నడు, మెడల దండ, చేతుల ఫోను. వీడియో మొదలువెట్టిండు. నేను కండ్లు మూసుకొని వాళ్ళవ్వను తలుసుకొని ఊదిన.

అబ్బబ్బబ్బ! దొడ్డ గొంతు రావాల్సిన కాడ కీచుమన్నది! పాట పైకి ఎక్కాలంటే కిందికి దిగుతుంది, కిందికి దిగాలంటే పైకి ఎక్కుతుంది. మైక్ ఖరాబైంది గావచ్చు అనుకొని ఇంకా గట్టిగ ఊదిన. ఇంకా పెద్దగ కీచుమన్నది! మా వంటాయన పాకిస్తాన్ పఠాన్, గరిటె పట్టుకొని ఉరికొచ్చిండు. "క్యా హువా భాయ్, బిల్లీ అందర్ ఆయీ క్యా?" అన్నడు, పిల్లి లోపలికొచ్చిందనుకొని. హాలంత ఒక్కటే నవ్వుడు.

బావ మొఖం చూసిన. ఆయనొక్కడే నవ్వుతలేడు. పాపం, తెల్లారితే పోయేటోడు, నోరు తెరిచి అడిగిందొక్కటి, అదీ గిట్ల చేస్తినే అని నాకు నిజంగ ఏడుపొచ్చింది.

ఆయనే లేచొచ్చి బాజా గుంజుకున్నడు. ఎడమ కొసకు ఊదిండు, కుడి కొసకు ఊదిండు. "ఓరి నీ! మీది రేకు కింద, కింది రేకు మీద బిగించినవ్ గదనే బావా! నువ్వు నంబర్లు చూసి పట్టుకున్నవ్, లోపలంత ఉల్టా ఉన్నది, ఎడమ దిక్కు ఉండాల్సిన దొడ్డ గొంతు కుడి దిక్కు పోయింది. ప్లాంట్ల గిట్ల బిగిస్తే ఇద్దరికీ ఎప్పుడో ఎగ్జిట్ కొట్టెటోళ్ళు!" అనుకుంట బాజాను తిరగేసి నా చేతుల పెట్టిండు.

ఇగ ఊదిన చూడుండ్రి! ఆ వంపు కాడికి రాంగనే హాలంత నవ్వుడు బంద్. పఠాన్ గూడ గరిటె దించిండు. మల్లేశ్ బావ అందరి ముందట చిన్న పోరని లెక్క ఏడ్చిండు. ఇన్నేండ్లల్ల గంత మంచిగ నేనెప్పుడూ ఊదలే, ఒట్టు!

గని ఏం లాభం? అప్పుడు ఫోన్ పట్టుకునే సోయి ఎవ్వలకున్నది? బావ రెండు చేతులు మొఖం మీదనే ఉండె. మిగిలినోళ్ళు కండ్లు తుడుసుకునుడే సరిపాయె. రికార్డయింది మొదటిదొక్కటే. బావ ఇల్లు చేరంగనే అదే వీడియో మా రెండూర్ల గ్రూపులల్ల పెట్టిండు. నిన్న మా ఇంటామె ఫోన్ చేసింది. "ఏందయ్యా, లోపలంత గట్ల కీచుకీచుమంటుంది, దమ్ము బీమారి మొదలైందా? పాటలు తర్వాత ఊదుదువు గని, ముందుగాల దవాఖానకు పో!"