జాన్ సాహెబ్ తాత అంతస్తుల లెక్క

జాన్ సాహెబ్ తాత ఇంటికి ఎవరు వచ్చినా దిగువ బజారు నుంచే రావాలి. ఇందులో చిక్కేమిటంటే, ఆయన గుమ్మం ఎగువ బజారులో ఉంది.

మాచర్లలో మా వీధి గుట్ట వాలున ఉంటుంది. మేస్త్రీగా ఊరందరికీ ఇళ్లు కట్టిన తాత, చివర్లో తనకోసం నాపరాళ్లతో ఒకదాని మీద ఒకటిగా మూడు గదులు కట్టుకున్నాడు. అడుగు గది వెనక భాగం గుట్టలోకి దిగి ఉంటుంది, తలుపు దిగువ బజారులోకి. అందులో షంషాద్ పిన్ని కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. మధ్య గది, దాని వెనక చిన్న వంటిల్లు తాతవి. పై గదిలో అద్దెకు మేము, అంటే టీచరు పని చేసే మా అమ్మ దయామణి, నేను. ఎగువ నుంచి చూస్తే ఇల్లు రెండంతస్తులు, దిగువ నుంచి చూస్తే మూడు. తాతకు మూడే కావాలి.

ఎవరైనా ఎగువ నుంచి వచ్చి తలుపు తడితే కిటికీలోంచి కేక వినపడేది.

"ఎటునుంచి వచ్చావు?"

"గుమ్మంలోనే ఉన్నాగా తాతా!"

"కిందికి దిగి, మేడ చూసి రా."

ఇంటి పక్కనున్న ముప్పై రెండు మెట్లూ దిగాలి. షంషాద్ పిన్ని మిషను ముందు నిలబడి మెడ ఎత్తాలి. మేడ కనపడేందుకు అంతకు మించిన చోటు లేదట.

"ఎన్నంతస్తులు?"

"మూడు!"

"వినపళ్లా."

"మూడు తాతో!"

అప్పుడు మళ్లీ ముప్పై రెండూ ఎక్కాలి.

ఒకసారి పోస్ట్‌మన్ యల్లమంద టెలిగ్రాం తెచ్చాడు. టెలిగ్రాం అంటే విప్పకముందే ఏడుపు మొదలయ్యే రోజులు. అయినా తాత కిటికీలోంచి చేయి చాపలేదు. యల్లమంద గొణుక్కుంటూ దిగాడు, పనిలో పనిగా ఖాకీ చొక్కాకు ఊడిన గుండీ పిన్నితో కుట్టించుకున్నాడు, రొప్పుతూ ఎక్కి వచ్చాడు. గురజాలలో తాతకు మనవరాలు పుట్టిందట.

"చూశావంట్రా, మూడంతస్తులు చూసొస్తే మంచి కబురే వస్తది" అన్నాడు తాత.

ఈ మూడు అనే కేక 1986 వేసవిలో మున్సిపల్ ఆఫీసు దాకా వినపడింది. వాలు మీది ఇళ్లు రెండంతస్తులు దాటకూడదని, మూడో అంతస్తు పదిహేను రోజుల్లో తీసేయాలని నోటీసు వచ్చింది. మూడో అంతస్తంటే మా గది.

"ఇంకా గట్టిగా అరిపించు బాబాయ్" అంది అమ్మ.

తాత ఆ రోజు ఎవరినీ కిందికి దించలేదు.

నేను తెలుగు ఎం.ఏ. పూర్తి చేసి ఊరికే ఉన్నాను. కొత్తవాళ్లతో మాట్లాడాలంటే భయం గానీ, పుస్తకమైతే ఏదైనా చదువుతాను. ఆఫీసుకు వెళ్లి, నోరు పెగలక, బల్ల మీదున్న నిబంధనల పుస్తకాన్ని వేలితో చూపించి తెచ్చుకున్నాను. మెట్ల మీద కూర్చుని చదువుతుంటే వింతగా ఉంది. అంతస్తులు లెక్కపెట్టాలంటే ముందు నేల ఎక్కడుందో తేల్చాలట! వాలులో ఇంటి నాలుగు మూలలా నేల నాలుగు ఎత్తుల్లో ఉంటుంది కనక, నాలుగూ కొలిచి సగటు గీత గీయాలట. ఎత్తులో సగానికి పైగా ఆ గీతకు కిందే ఉన్న గది అంతస్తే కాదు, నేలమాళిగ.

"తాతా! మనది మూడంతస్తులు కాదు!" అని అరిచాను. నాకంత గొంతు ఉందని నాకే తెలీదు.

తాత మొహం వాడిపోయింది. "ఏంది పిల్లా, అంత మాటన్నావు?"

"ఇంకో ముక్క కూడా ఉంది." నా గొంతు తగ్గింది. "నేలమాళిగలో సామాను పెట్టుకోవచ్చు. మనుషులు ఉండకూడదు, పని చేసుకోకూడదు."

కింద మిషను చప్పుడు ఆగింది.

"నాదేముందిలే చాచా, బస్టాండులో పెట్టుకుంటా" అంది షంషాద్ పిన్ని.

"బస్సు కదిలేలోపు జాకెట్టు కుడతావంటే? నోరు మూసుకుని కుట్టు" అని తాత లోపలికి పోయాడు.

ఇల్లు కొలవడానికి ఆఫీసు నుంచి ఓవర్సీర్ దేవానందం గారు వచ్చే రోజు తాత ఎగువ బజారు మొదట్లో గొడుగు పట్టుకుని కాచుకున్నాడు. "ఇటు సార్, ఇటే దారి." వీధంతా నోళ్లు తెరిచింది. తాత తన పాత నీళ్ల గొట్టం తెచ్చి, రెండు చివర్లలో నీళ్లు ఒకే మట్టాన నిలిచేదాకా ఊపిరి బిగబట్టి, నాలుగు మూలలూ కొలిపించాడు. అడుగు గది సగానికి నాలుగు వేళ్లు ఎక్కువే గీత కింద ఉంది.

"మరి ఊళ్లో మూడంటారేంది మేస్త్రీ?"

"వీళ్లకు లెక్కలు రావు సార్. రెండేనని చానాసార్లు మొత్తుకున్నా."

పక్కనున్న యల్లమందకు పొలమారింది.

అడుగు గదిలో ఇనప పెట్టె, రెండు తట్టలు తప్ప ఏమీ లేవు. దేవానందం గారు సంతకం పెట్టి వెళ్లిపోయారు. మిషను ఏమైందని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

మర్నాడు లైబ్రరీ నుంచి అలవాటుగా దిగువ దారినే వచ్చి, మెట్లన్నీ ఎక్కాను.

"ఎటునుంచి వచ్చావు?" అని కేక.

"దిగువ నుంచే తాతా!"

"ఎవరు రమ్మన్నారు? ఎగువ బజారులోకి పోయి, ఎదురుగా నిలబడి మేడ చూడు."

వెళ్లి నిలబడ్డాను. తాత గదిలో, సరిగ్గా గుమ్మం పక్కన, కుట్టుమిషను. దాని వెనక దారం కొరుకుతూ షంషాద్ పిన్ని. తాత మంచం వంటింట్లో పొయ్యి పక్కకు చేరింది. పిన్ని ఒంటరిగా మిషనుతో ఈ ఇంట్లోకి వచ్చిన ఏడాదే తాతకు మేడ పిచ్చి పట్టిందని అమ్మ ఎప్పుడో అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది.

"ఎన్నంతస్తులు?"

"రెండు!"

"వినపళ్లా."

"రెండు తాతో!"

తల దించి చూస్తే పక్కన యల్లమంద. ఉత్తరాలేమీ లేవు, ఊరికే అంతస్తులు లెక్కపెట్టడానికి వచ్చాడట. చంకలో వాళ్లావిడ జాకెట్టు గుడ్డలు రెండున్నాయి.