మేడం రాయి, నా టైరు

నవ్వకుండ్రి, ముందే చెప్తున్న. మొన్నటి సంది షాద్‌నగర్ దిక్కు కిరాయి వస్తే ఒద్దంటున్న. ఎందుకంటే ఆడ నాకు మొఖం లేదు.

పూణె ఫ్లైట్ దిగిన ఒక మేడంను నా క్యాబ్‌ల ఎక్కించుకున్న. షాద్‌నగర్ల కాలేజీ లెక్చరర్. చేతుల శాలువ చుట్టిన మూట. "బాబూ, కొంచెం మెల్లగా పెట్టండి, లోపల రాయి ఉంది" అన్నది. రాయికి విమానమా అని లోపల్నే నవ్వుకొని డిక్కీల పెట్టిన.

ఎయిర్‌పోర్ట్ రోడ్డు దాటకముందే ముందు టైరు పంచర్. అది గూడ ఎత్తు మీద. నా హ్యాండ్‌బ్రేకు సంగతి మీకెర్కనే, ఉన్నా లేనట్టే. ఎనుక టైరుకు రాయి అడ్డం పెట్టందే జాకీ ఎక్కియ్యలేను. కొత్త రోడ్డాయె, అద్దం లెక్క ఊడ్సి పెట్టిండ్రు. అటు గడ్డి, ఇటు పూలచెట్లు. మన దిక్కు ఏ చెల్క సూసినా బండలే, ఆడ మాత్రం గులకరాయి గూడ దొర్కలే. మేడం దూరంగ నిలబడి ఫోన్ మాట్లాడ్తుంది. డిక్కీల రాయి ఉండనే ఉంది. జర సేపే గదా, తుడిచి మళ్ల పెడ్త అనుకున్న. శాలువకు మట్టి అంటొద్దని ఇప్పి పక్కకు పెట్టిన. లోపలి పేపర్ అట్లనే ఉంచి టైరు ఎనుక దోపిన. నా తెలివికి నేనే మురిసిన.

స్టెప్నీ ఏసి జాకీ దించిన. కారు జర ఎనుకకు జరిగింది. అప్పడం నలిగినట్టు సప్పుడైంది.

మేడం ఉరికొచ్చి పేపర్ ఇప్పింది. నల్లరాయి నడుమ గుంత, గుంత నిండ తునకలు. ఒక మూలకు మాత్రం కొన్ని మిగిలినయి. లేత గులాబి రంగు, చిన్న చిన్న వరికట్టల లెక్క, నడుమ కట్టేసి రెండు దిక్కుల విచ్చుకున్నట్టు ఉన్నయి. గంత సక్కటిది నేను జన్మల సూడలే.

"స్టిల్‌బైట్ అంటారు, జియోలైట్ జాతి. లావా చల్లారాక రాయిలో మిగిలిన బుడగల్లో నిదానంగా పెరుగుతుంది. ఎన్ని వేల ఏళ్లు పట్టిందో. రేపు పిల్లలకు చూపిద్దామని విమానంలో దారంతా ఒళ్లో పెట్టుకుని తెచ్చాను" అన్నది.

తిట్టలే. తిట్టినా బాగుండు. రోడ్డు మీద కూసొని తునకలు కర్చీఫ్‌ల ఏరుతుంది. నేను గూడ కూసొని ఏరిన. పొయ్యే కార్లోళ్లందరు మా దిక్కే సూస్తుండ్రు. సిగ్గుతోని సచ్చిపోయిన.

"ఏం చెయ్యమన్నా చేస్త మేడం" అన్న.

"రేపు క్లాసుకు రండి. ఎలా పగిలిందో పిల్లలకు మీరే చెప్పండి."

పోక తప్పుతదా? పోయిన. మేడం ఆ మూల మిగిలినయి సూపెట్టుకుంట పాఠం చెప్పి, ఇగ నన్ను ముందట నిలబెట్టింది. హ్యాండ్‌బ్రేకు కాడికెల్లి అంత చెప్పిన, ఏం దాస్కోలే. ముందు బెంచీల ఒక పిల్ల చెయ్యెత్తింది. రాయి గురించి అడుగుతదేమో, నాకేం తెల్వదాయె అని పరేషాన్ అయిన.

"అన్నా, మా కాలేజీ బస్సుకు కొత్త డ్రైవర్ వస్తుండంట. మీరైతే కాదు కదా?"