బ్రిడ్జికి పూనకం

మా అబ్బాయి పోయాక వాడి బండిని ఈ రోజే బయటికి తీశాం. వాడు రోజూ పనికి వెళ్ళిన దారిని వీడియో తీసి దాచుకుందామని మా అమ్మాయి హ్యాండిల్‌కి ఫోన్ బిగించింది. నేను వెనక కూర్చున్నాను. హౌరా బ్రిడ్జి దాటాక చూస్తే వీడియో అంతా వణుకే.

“ఏటే ఇది, బ్రిడ్జికి పూనకమొచ్చినట్టుంది!” అన్నాను.

“అన్న బండి ఎలా అదురుతాదో నీకు తెల్దేటమ్మా?” అంది.

ఇంటికొచ్చి నా పాత హవాయి చెప్పు ముక్క కోసి, ఫోన్ స్టాండు కింద పెట్టి బిగించాం. మళ్ళీ వెళ్ళాం. ఈసారి వాడి దారంతా కుదురుగా కనబడింది. వీడియోలో ఎవరో పకపకా నవ్వుతున్నారు.

“ఎవరే అది?”

“నువ్వేనమ్మా! బ్రిడ్జికి మళ్ళీ పూనకమొస్తాదేమోనని నవ్వలేదేటి?”

వాడు పోయాక నేనింత గట్టిగా నవ్వడం ఇదే మొదలు. మీ వీడియోలూ వణుకుతుంటే చెప్పు ముక్క పెట్టి చూడండి, ఎలా వచ్చిందో నాకూ చెప్పండి.