డాక్టరుకు చెప్పకూడని మందు

ఆయన కళ్ళు పచ్చబడ్డాయని ముందు కనిపెట్టింది మా అత్తయ్య. పెళ్ళాన్నయ్యుండి నాకెందుకు కనపడలేదని సాధించింది కూడా. ఎనభైల మొదట్లో మాట. మేం జగ్గయ్యపేటలో ఉండేవాళ్ళం. మావారు హైస్కూల్లో లెక్కల మాస్టారు. కాఫీ తప్ప మరో అలవాటు లేని మనిషి.

కామెర్లంటే మా వైపు ముందు పసరు, ఆ తర్వాతే ఆస్పత్రి. అత్తయ్య పక్క ఊరి నుంచి పసరు పోసే పెద్దాయన్ని పిలిపించింది. రోజూ పరగడుపున తాగించమని ఆయన ఓ సీసా ఇచ్చాడు. ఉప్పు, నూనె మానమన్నాడు. వెళ్తూ వెళ్తూ గడప దగ్గర ఆగి, "ఈ మందు సంగతి డాక్టర్ల చెవిన పడకూడదమ్మా. పడిందా, మందు తిరగబడుద్ది. మనిషి దక్కడు" అన్నాడు. అత్తయ్య నా చేత దేవుడి పటం ముందు ఒట్టు వేయించింది.

పచ్చదనం తగ్గలేదు సరికదా, పొట్ట ఉబ్బింది, కాళ్ళకు నీరు దిగింది. చొక్కా గుండీలు పట్టడం మానేశాయి. నేను గొడవపడి పసరు మానిపించాను. ఊళ్ళో వాళ్ళేమో, మాస్టారు చాటుగా తాగుతాడట అని మొదలుపెట్టారు. అన్నవాళ్ళను ఎదురుగానే దులిపేశాను. ఇంటికొచ్చాక మాత్రం వంటింట్లో కూర్చుని వణికిపోయేదాన్ని. మా పిల్ల ఇంకా చంక దిగలేదు.

నందిగామ డాక్టరు పొట్ట నొక్కి చూసి, ఇది లివర్ జబ్బు, బెజవాడ పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి అన్నాడు. పిల్లను పక్కింట్లో వదిలి, అత్తయ్యతో కలిసి ముగ్గురం బెజవాడ బస్సెక్కాం. ఆయన కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకున్నారు. ఊపిరి ఆడుతోందా లేదా అని ఆయన చొక్కా వంకే చూస్తూ కూర్చున్నాను.

పెద్ద డాక్టరు మొదట అడిగింది, "తాగుతారా?" అని.

"లేదండి."

"నిజం చెప్పండి మాస్టారూ. దాస్తే నష్టం మీకే."

"ఒట్టండి, ఎప్పుడూ ముట్టలేదు."

డాక్టరు నమ్మినట్టు లేదు. నా వైపు తిరిగి, "ఏమ్మా, నాటు మందులేమైనా వాడారా?" అన్నాడు.

అత్తయ్య వెనక నుంచి నా చెయ్యి గిల్లింది. చెబితే మనిషి దక్కడని ఒట్టు. చెప్పకపోతే ఈ డాక్టరు తాగుబోతుకు చేసే వైద్యం చేస్తాడు, అప్పుడూ మనిషి దక్కడు. ఓరి దేవుడో, ఊరందరి మీదా లేచే నా నోరు ఇక్కడే పడిపోవాలా!

"పసరు తాగించామండి" అనేశాను. అని, ఏమైపోయారోనని వెంటనే ఆయన మొహం చూశాను. "మానేసి చాలా రోజులైందండి" అని కూడా చెప్పాను.

"మానలేదండి" అన్నారు ఆయన మెల్లగా. "అమ్మ ఇవాళ పొద్దున కూడా పోసింది."

నేను గిరుక్కున అత్తయ్య వైపు తిరిగాను.

డాక్టరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "లివర్ని పాడుచేస్తున్నది ఆ పసరే కావచ్చు. ఇవాళ్టితో ఆపెయ్యండి. ఆపినా కోలుకుంటారని మాటివ్వలేను. పై దేశాల్లో పాడైన లివర్ తీసేసి వేరేది పెడుతున్నారు. మన దగ్గర ఇంకా ఆ ఆపరేషన్ లేదు. ఉన్నదాన్నే కాపాడుకోవాలి."

అత్తయ్య లేచింది. సంచిలోంచి సీసా తీసి డాక్టరు ముందు పెట్టింది. "నేనేనయ్యా పోసింది. వాళ్ళనేం అనమాకండి." కొంగుతో మొహం తుడుచుకుని, "వేరేది పెట్టొచ్చంటన్నారుగా. నాది తియ్యండి బాబూ. ముసల్దాన్నేగానీ నాకే రోగమూ లేదు" అంది.

డాక్టరు ఆవిడ భుజం పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాడు.

పసరు ఆగింది. మాత్రలు మొదలయ్యాయి. అత్తయ్య నాతో మాట్లాడటం తగ్గించింది. అది కోపం కాదు, భయం. ఒట్టు తప్పినదాన్ని కదా, నాకు అంతకు రెండింతలు భయం. పొద్దున్నే ఆయన లేవకముందే ఇద్దరం మంచం దగ్గరికి చేరేవాళ్ళం. ఆయన కళ్ళు తెరిస్తే చూడటానికి ధైర్యం చాలేది కాదు.

కొన్ని వారాలు పోయాక ఒకనాడు అత్తయ్య నన్ను వంటింట్లోంచి ఆయన మంచం దగ్గరికి లాక్కెళ్ళింది. "అమ్మాయ్, వాడి కళ్ళు తెల్లగా ఉన్నయ్యా? నాకే అట్టా కనపడతన్నయ్యా?"

నాకూ అలాగే కనపడ్డాయి. పైకి అంటే మళ్ళీ ఎక్కడ పచ్చబడతాయోనని అనలేకపోయాను. ఇద్దరం చెరో రెక్కా పట్టుకుని ఆయన్ని వాకిట్లోకి తీసుకొచ్చి, ఎండలో నిలబెట్టి చూశాం.