స్వామికి కుడిపక్క ఎవరు?

మా నాయన గొడుగు సేవకు నా చేత్తో నేనే ఎసరు పెట్టిన కథ ఇది. నవ్వండి, పరవాలేదు. క్షమాపణ మాత్రం నా నుంచి ఆశించకండి.

తిరుపతిలో బొమ్మల చదువు ముగించి, ఏర్పేడు దగ్గర మా ఊరికి వచ్చిన కొత్తలో నా నోటి వెంట రోజుకు పదిసార్లు ‘బరోక్’ అనే మాట రాలేదంటే నాకు జ్వరమని అర్థం. నాలుగొందల ఏళ్ల కిందటి యూరప్ కళారీతి అది; నన్ను పట్టుకున్నవి ఆ రీతిలో రాగిరేకు మీద చెక్కి అచ్చేసిన భక్తి బొమ్మలు. పైన మబ్బుల్లో మహాత్ములు, కింద మోకాళ్ల మీద ఆ బొమ్మ వేయించిన ప్రభువు. ఈ సంగతి మా గుడి ధర్మకర్త చెవిన వేసిన మహాతెలివి నాదే. ఆయనకు మబ్బులూ అక్కర్లేదు, మోకాళ్లూ అక్కర్లేదు.

“ఉత్సవం ఆహ్వాన పత్రిక మీద అట్లాంటి బొమ్మ ఎయ్యి పాపా. సామికి కుడిపక్క నన్ను నిలబెట్టు. మీ నాయన గొడుగు పట్టుకోని ఎడమపక్క యాడో ఒక మూల ఉంటే సాలు.”

ఊరేగింపులో స్వామికి గొడుగు పట్టేది మా నాయన. ఆయనకు ఉన్న గర్వమంతా ఆ గొడుగు కర్రే.

రాగిరేకుకు స్తోమత లేక, నెల రోజులు చెక్క మీద చెక్కాను. ధర్మకర్త మీసానికే మూడు రోజులు పట్టింది. గుడి మండపంలో ఊరందరి ముందు సిరా పూసి, కాగితం పరిచి, రుద్ది, చప్పట్ల కోసం కాసేపు ఆగి మరీ ఎత్తాను.

చెక్క మీద చెక్కింది కాగితం మీద కుడీ ఎడమా తారుమారై పడుతుందని చదువులో మొదటి రోజే చెప్పారు. నాకు అప్పుడు గుర్తొచ్చింది. స్వామి చక్రం ఎడమచేతికీ, శంఖం కుడిచేతికీ పోయాయి!

“ఏందిది? ఎంత ధైర్యం నీకు?” ధర్మకర్త గర్జించాడు.

“తప్పయిపోయింది...” లెంపలేసుకోబోయాను.

“గొడుగోడు కుడిపక్కా, నేను ఎడమపక్కా? ఈ తూరి మీ నాయన గొడుగు ముట్టుకుంటే సూడు!”

లెంపల దాకా పోయిన చేతులు దించేశాను. భయం పోయి ఒళ్లు మండింది.

“ముందు సామిని సూడండి. చక్రం ఏ చేతిలో ఉండాది?”

ఆయన కళ్లజోడు పెట్టుకుని చూశాడు. మండపమంతా చూసింది. ఎవరో ఆడమనిషి కిసుక్కుమంది. ఆ నవ్వు చివరి వరస దాకా పాకింది.

“అది... నేను ముందే సూసినా,” అన్నాడు.

“మీరు సూసింది మీ మీసాన్ని. గొడుగు ఎవురు పట్టాలో ఇంక ఊరినే అడగండి,” అన్నాను.

ఆయన అడగలేదు. మండపం మూల కూచున్న మా నాయన, పక్కన స్తంభానికి ఆనించిన స్వామి గొడుగు మెల్లగా అందుకుని లేచాడు. “నేను గొడుగు పట్టేది సామికప్పా. యా పక్క నిలబడినా నీడ ఆయనకే.”

జనం పక్కకు జరిగి ఆయనకు దారిచ్చారు.

మళ్లీ చెక్కాను. స్వామి చేతులు సరిచేశాను. మనుషుల్ని మాత్రం మొదట అచ్చుపడిన చోటే ఉంచాను: మా నాయన కుడిపక్క, ధర్మకర్త ఎడమపక్క.

కనుక పాఠకులారా, ఆ స్వామి సాక్షిగా ఒట్టు: అద్దంలో సరిచూసుకోకుండా ఈ జన్మలో చెక్క మీద ఉలి పెట్టను. మా నాయన కుడిపక్కకు పొరపాటున వచ్చాడనే మాట ఇక ఎవరూ అనకూడదు.