లూఓ

కొత్తగా చేరిన పిల్లలకి గ్రీకు టీచరమ్మ మొట్టమొదట నేర్పేది ఎప్పుడూ ఒకే క్రియ: లూఓ. పాత గ్రీకులో దానికి విప్పడం, వదులు చెయ్యడం అని అర్థం. ఓడ తాడు విప్పినా లూఓనే, ఖైదీని విడిచిపెట్టినా లూఓనే. కోతని చెప్పే సంస్కృతపు మాట 'లవనం' కూడా దీనికి దూరపు చుట్టమేనని చెప్పేటప్పుడు ఆవిడ ముఖం వెలిగిపోయేది.

ఈ సంబరమంతా ఇంట్లో అక్క దగ్గర సాగేది కాదు. అక్క బట్టలు కుట్టేది. అమ్మ పోయాక మిషను తొక్కి తొక్కి చెల్లెల్ని చదివించింది.

"చచ్చిన భాషకి ఇంత చాకిరీ చేస్తావు, బతికున్నదాన్ని, నాకు కాస్త కాఫీ పొయ్యవే," అని ఎకసెక్కెమాడేది.

ఒకరోజు పొద్దున్నే ఎవరిదో కోటు గుడ్డ కత్తిరిస్తూ ఉండగా అక్క చేతిలోంచి కత్తెర జారిపోయింది. వంగి తీసుకోబోయి అలాగే కూలబడింది. మూతి ఒక పక్కకి లాగేసింది.

ఆసుపత్రిలో డాక్టరు, "పెరాలిసిస్. కుడిచెయ్యి మీద ఆశ పెట్టుకోకండి," అన్నాడు.

టీచరమ్మ ఉలిక్కిపడింది. పారా అంటే పక్కన, లూసిస్ అంటే వదులవడం. లూఓ సంతానమే ఆ మాట. ఎన్నిసార్లు బోర్డు మీద తనే ముచ్చటగా విడదీసి చూపించింది! ఇప్పుడు దాన్ని ఎన్ని ముక్కలు చేసినా అక్క వేలు ఒక్కటీ కదలదు.

"ఏమన్నాడే?" అక్క మాట ముద్దముద్దగా వచ్చింది.

"కట్లు వదులైపోయాయటక్కా."

"అయితే బిగించు."

"నాకు చేతకాదక్కా."

ఇంటికొచ్చాక రోజూ నూనె రాసి, ముడుచుకుపోయిన వేళ్ళని ఒక్కొక్కటే తెరిచేది. వదలగానే అవి మళ్ళీ పిడికిలైపోయేవి.

"వదులన్నావు, ఇదేమో రాయిలా బిగుసుకుంది. నీ గ్రీకువాళ్ళు సరిగ్గా చూసి ఏడవలేదు," అంది అక్క, సగం మూతితో నవ్వుతూ. చెల్లెలికి నవ్వు రాలేదు.

కోటు కుట్టమని ఇచ్చినావిడ వచ్చి, దాని సంగతి ఎలా కదపాలో తెలియక గుమ్మంలోనే నిలబడింది. "ఉండండి, ఇంకెంత, రెండు కుట్లు," అంటూ టీచరమ్మ ఎన్నడూ ముట్టని మిషను ముందు కూర్చుంది. అక్క మంచం మీంచే అరిచి చెబుతోంది. మాటలు సగం అర్థమవుతున్నాయి, సగం కావడం లేదు. "అటు కాదే, మొద్దూ!" అన్నది మాత్రం స్పష్టంగానే వినపడింది. సూది కటుక్కున విరిగింది.

"పర్వాలేదులెండి, ఇంకెక్కడైనా ఇచ్చుకుంటాను," అని ఆవిడ కోటు ముక్కలన్నీ సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది.

అక్క గోడవైపు తిరగబోయింది. అదీ తనంతట తను చెయ్యలేకపోయింది. టీచరమ్మే వెళ్ళి, భుజం కింద చెయ్యి పెట్టి, ఆమెని అటు తిప్పింది.