విప్పని కవరు

మాచర్లలో నేను బ్యాంకు గుమాస్తాగా ఉన్నప్పుడు రెంటచింతల నుంచి ఒక సాయిబు వచ్చేవాడు. పొలాల్లో నీటి మోటార్లు బాగుచేసే మనిషి. చేతులకు ఎప్పుడూ గ్రీజే. కౌంటరు దగ్గరికి రాగానే రెండు చేతులూ లుంగీకి గట్టిగా తుడుచుకుని, ఆ తర్వాతే ప్లాస్టిక్ సంచిలోంచి తెల్లని కవరు తీసేవాడు. అందులో ఉన్నది ఆయన ఏనాడూ అడగని క్రెడిట్ కార్డు. దానికి నెలనెలా బిల్లు వస్తోంది.

"అంటించింది అంటించినట్టే ఉంది, చూడండి సార్. ఇప్పని కార్డుకి బిల్లేంది?" అనేవాడు.

నాలుగోసారి వచ్చినప్పుడు నాకు జాలేసింది. ఫిర్యాదు నేనే రాస్తానన్నాను. కార్డు నంబరు కావాలి కదా అని, నా అతి తెలివి కొద్దీ కవరు అంచు చర్రున చింపేశాను.

ఆయన ముఖం పాలిపోయింది. "ఎంత పని చేశారు సార్! నాకున్న సాక్ష్యం అదొక్కటే గదా!"

ఫిర్యాదుతో పాటు కవరునూ పైఆఫీసుకు పంపాను. కవరు తెరిచి ఉంది కాబట్టి కట్టాల్సిందేనని జవాబొచ్చింది. చింపింది నేనేనని తిరిగి రాసే ధైర్యం నాకు లేకపోయింది.

బిల్లు కట్టడానికి వచ్చిన రోజు ఆయన నోట్లు లెక్కపెట్టి కౌంటరు మీద పెట్టాడు. చేతులు మాత్రం తుడుచుకోలేదు.